చెరువు గట్టు మీది డబ్బాకి ఏ లినక్స్? బిల్డ్‌రూట్, యోక్టో, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీల మధ్య ఎంపిక

రెండేళ్ల కిందట ఆకివీడు వైపు ఒక రొయ్యల చెరువు నుంచి తెల్లవారుజామున 3 గంటలకి ఫోన్ వచ్చింది. "అబ్బాయ్, కరెంటు పోయి వచ్చింది. నీ డబ్బాలో ఎర్రలైటు వెలుగుతోంది గానీ ఏరేటర్లు తిరగట్లేదు." "స్టార్టర్లు చేత్తో వేసెయ్యండి బాబాయ్, నేను బయల్దేరుతున్నా" అన్నాను. డబ్బా అంటే ఏరేటర్లని, అంటే నీటిలో గాలి కలిపే యంత్రాలని, నడపడానికి నేను లినక్స్ బోర్డుతో చేసిచ్చిన కంట్రోలర్.

చెరువు తెలిసినవాళ్లకి ఆ వేళ ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. పగలు నీటిలోని నాచు ఎండకి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రంతా అదే నాచు, రొయ్య, అడుగున ఉన్న బురద కలిసి దాన్ని వాడేస్తాయి. అందుకే తెల్లవారే ముందు డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, అన్నిటికన్నా కిందకి దిగుతుంది. లీటరుకి 3 మిల్లీగ్రాముల కిందకి పోతే వన్నామీ రొయ్య నీరసపడుతుంది, ఇంకా దిగితే పైకి తేలుతుంది. ఆ రాత్రి ఆయన మెలకువగా ఉన్నారు కాబట్టి పంట నిలబడింది.

వెళ్లి డబ్బా విప్పి స్క్రీన్ తగిలించాను. రూట్ ఫైల్‌సిస్టమ్ (ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లుండే చోటు) మౌంట్ కావట్లేదని కెర్నల్ ప్యానిక్, అంటే లినక్స్ లేవకుండానే ఆగిపోయింది. ఎర్రలైటు బోర్డుకి కరెంటు అందుతోందని మాత్రమే చెబుతుంది. పక్కన ఉండే పచ్చలైటు కాసేపు మిణుకుమని ఆగిపోతోంది. తప్పు నాదే. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పార్టిషన్ లోనే నిమిషానికోసారి సెన్సర్ లాగులు రాయించాను. కార్డు మీద రాస్తుండగా కరెంటు పోయింది, ఫైల్‌సిస్టమ్ చెడింది. ఆ తర్వాతే నా డబ్బాకి కావలసిన లినక్స్‌ని సోర్స్ నుంచి నేనే కట్టుకోవడం మొదలుపెట్టాను. అలా కట్టుకోవడానికి ఉన్నవే బిల్డ్‌రూట్, యోక్టో, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ.

ఇప్పుడు భీమవరం, అమలాపురం వైపు ఇంజనీరింగ్ చదివే పిల్లలు, చెరువులకి కంట్రోలర్లు చేసే చిన్న షాపులవాళ్లు తరచూ ఇదే అడుగుతున్నారు. బిల్డ్‌రూట్ నేర్చుకోవాలా, యోక్టోనా, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ సరిపోతుందా, లేక రెడీమేడ్‌గా దొరికే మామూలు డెబియన్ లినక్స్ వేసుకుంటే పోదా? మూడూ వాడాను, డెబియన్ అయితే ఎక్కువ వాడాను. బూట్ ఎన్ని సెకన్లలో అవుతుంది, ఇమేజ్ (కార్డుకి రాసే మొత్తం సిస్టమ్ ఫైలు) ఎన్ని ఎంబీ వస్తుంది అని పోల్చే చార్టులు చాలా దొరుకుతాయి. నేను చూసేది వేరు. మూడేళ్ల తర్వాత ఆ డబ్బా పాడైతే అదే ఇమేజ్‌ని మళ్లీ అచ్చంగా తయారుచెయ్యగలిగేది ఎవరు? గట్టు మీద ప్లగ్ ఎన్నిసార్లు పీకినా అది లేస్తుందా? ఈ రెండిటి మీదే నా సలహా అంతా.

అసలు లినక్స్ కావాలా?

ఒక్క డీవో ప్రోబ్ చదివి, నాలుగు రిలేలు వేసి తీసి, ఫోన్‌కి ఒక మెసేజ్ పంపడమే పని అయితే లినక్స్ అక్కర్లేదు. ఈఎస్‌పీ32 లాంటి మైక్రోకంట్రోలర్ చాలు. దాని ఈఎస్‌పీ-ఐడీఎఫ్ అనే డెవలప్‌మెంట్ కిట్ లోనే ఫ్రీఆర్‌టీఓఎస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. లినక్స్ ఫౌండేషన్ నీడలో 2016 నుంచి నడుస్తున్న జెఫిర్ కూడా ఉంది, అందులోనూ కెర్నల్ లాగే మెనూలో టిక్కులు పెట్టి కంపైల్ చెయ్యొచ్చు. కంపైల్ నిమిషాల్లో అయిపోతుంది, కరెంటు పోయినా పాడవ్వడానికి ఫైల్‌సిస్టమ్ పెద్దగా ఉండదు. రిలే వేసే పనిని ఇప్పటికీ మైక్రోకంట్రోలర్‌కే అప్పగిస్తాను, లినక్స్ బోర్డు దానికి పైనుంచి చెబుతుంది అంతే. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. కాంటాక్టర్ (ఏరేటర్ మోటార్‌కి కరెంటు కలిపే పెద్ద స్విచ్) కాయిల్‌ని రిలేలో నార్మల్లీ క్లోజ్డ్ వైపు, అంటే రిలేకి కరెంటు లేనప్పుడు కలిసుండే వైపు, కలపండి. డబ్బా చచ్చిపోతే ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసినా ఈ వైరింగ్ మారకూడదు.

ఐదారు చెరువుల్లో ఆర్‌ఎస్485 వైరు మీద మాట్లాడే సెన్సర్లు ఒకేచోట చదవాలన్నా, 4జీ మోడెమ్ కావాలన్నా, కెమెరా, గట్టు మీదే చూసుకునే వెబ్ పేజీ, నెట్ లేనప్పుడు దాచుకునే డేటాబేస్ కావాలన్నా అప్పుడు లినక్స్ దగ్గరికి రండి.

డెబియన్‌తో సరిపెట్టుకోవచ్చా?

మొదటి చెరువుకి తప్పకుండా సరిపెట్టుకోండి. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ అయినా, వేరే బోర్డులకి ఆర్మ్‌బియన్ అయినా డెబియన్ మీద కట్టినవే. ఏ ప్యాకేజీ కావాలన్నా ఒక్క కమాండ్‌తో వస్తుంది. సెన్సర్ సరిగ్గా చదువుతోందా, రైతుకి స్క్రీన్ మీద ఏం కావాలి అన్నవి తేలకముందే క్రాస్ కంపైలర్‌తో (ల్యాప్‌టాప్ మీద నడిచి బోర్డుకి ప్రోగ్రాములు కట్టేది) కుస్తీ పట్టడం వృథా. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ సెటప్ మెనూలో ఓవర్లే ఫైల్‌సిస్టమ్ అని ఒక ఆప్షన్ ఉంది. దాన్ని ఆన్ చేస్తే రాతలన్నీ ర్యామ్ లోకే పోతాయి, కార్డు తాకబడదు. అది ముందే తెలిసుంటే ఆకివీడు ఫోన్ నాకు వచ్చేది కాదు.

ఇబ్బంది పదో డబ్బా దగ్గర మొదలవుతుంది. ఒకటి జనవరిలో అప్‌డేట్ అయింది, ఇంకొకటి జూన్‌లో, మూడోదానికి గట్టు మీద నెట్ సరిగ్గా లేక సగంలో ఆగింది. మూడిటికీ పేరు ఒకటే, లోపల మూడు రకాలు. ఒకదానిలో వచ్చిన తప్పు పక్కదానిలో రాదు. అదే ఇమేజ్ మళ్లీ తయారుచెయ్యాలంటే పాత కార్డుని కాపీ కొట్టడం తప్ప దారి ఉండదు. ఐదారు డబ్బాల వరకు డెబియన్, ఆపైన సోర్స్ నుంచి కట్టుకోవడం. నా లెక్క ఇదే.

బిల్డ్‌రూట్

2001 ప్రాంతంలో యూసీలిబ్‌సీ అనే చిన్న సీ లైబ్రరీ తయారుచేసినవాళ్లు తమ లైబ్రరీని పరీక్షించుకోవడానికి మొదలుపెట్టింది ఇది. మొత్తం మేక్‌ఫైళ్లు, కెర్నల్‌కి ఉండే మెనూ లాంటి మెనూ. మూడు నెలలకోసారి, ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరుల్లో కొత్త వెర్షన్ వస్తుంది. ఫిబ్రవరి వెర్షన్‌కి ఎక్కువకాలం సెక్యూరిటీ సరిదిద్దుబాట్లు ఇస్తారు, చెరువుకి పంపే డబ్బాకి అదే పట్టుకోండి.

పని ఎలా సాగుతుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. సోర్స్ తెచ్చుకుని, మీ బోర్డు పేరుతో సిద్ధంగా ఉన్న సెట్టింగుల ఫైలు, డెఫ్‌కాన్ఫిగ్, వేస్తారు. ఉదాహరణకి బీగిల్‌బోన్ డెఫ్‌కాన్ఫిగ్. తర్వాత మేక్ మెనూకాన్ఫిగ్. నీలం తెర మీద టార్గెట్, టూల్‌చెయిన్ (కంపైలర్ సరంజామా), కెర్నల్, ప్యాకేజీలు, ఫైల్‌సిస్టమ్ ఇమేజ్‌లు అని వరుసగా కనిపిస్తాయి. సెన్సర్లు చదవడానికి మోడ్‌బస్ లైబ్రరీ, డేటాబేస్‌కి ఎస్క్యూలైట్, మెసేజ్‌లకి మస్కిటో దగ్గర టిక్కు పెట్టుకుని బయటికొచ్చి మేక్ అంటారు. మొదటిసారి అది మీ బోర్డుకి కావలసిన కంపైలర్‌ని కూడా తనే కట్టుకుంటుంది. అన్నీ అయ్యాక అవుట్‌పుట్ ఫోల్డర్‌లో ఇమేజెస్ అన్నచోట కార్డుకి రాసుకునే ఫైలు ఉంటుంది. 16 జీబీ ర్యామ్ ఉన్న నా ల్యాప్‌టాప్‌లో మొదటి బిల్డ్ భోజనం చేసి వచ్చేలోపు అవుతుంది.

పక్కనే టార్గెట్ అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది. చూడ్డానికి అచ్చం రూట్ ఫైల్‌సిస్టమ్ లాగే ఉంటుంది. కొత్తవాళ్లు దాన్నే కార్డు మీదికి కాపీ చేస్తారు. అందులో "ఇది నీ రూట్ ఫైల్‌సిస్టమ్ కాదు" అని ఇంగ్లీషులో పెద్దక్షరాల పేరున్న ఒక ఫైలు కనిపిస్తుంది, మన కోసమే పెట్టారది. డివైస్ ఫైళ్లు, ఓనర్ పర్మిషన్లు ఆ ఫోల్డర్‌లో సరిగ్గా ఉండవు. ఇమేజ్ కట్టేటప్పుడే అవి కుదురుతాయి.

ఇంకో రెండు చోట్ల అందరూ తడబడతారు. ఒకటి, మెనూలో ఒక ప్యాకేజీ టిక్కు తీసేసి మళ్లీ మేక్ కొడితే ఆ ప్యాకేజీ పోదు. పాత ఫైళ్లు అలాగే ఉంటాయి. ఏది మారితే ఏది మళ్లీ కట్టాలో బిల్డ్‌రూట్ లెక్కలు కట్టదు, కావాలనే అలా సింపుల్‌గా ఉంచారు. టూల్‌చెయిన్ మార్చినా, ప్యాకేజీ తీసేసినా మేక్ క్లీన్ చేసి మొదటి నుంచి కట్టండి. రెండోది, ఈఎక్స్‌టీ రూట్ ఫైల్‌సిస్టమ్ సైజు డిఫాల్ట్‌గా 60 ఎంబీ. పైథాన్ పెట్టగానే అది నిండిపోయి, బిల్డ్ అంతా అయ్యాక ఆఖరి మెట్టులో ఎర్రర్ వస్తుంది. చూసి టెన్షన్ పడతాం. సైజు పెంచమని ఆ ఎర్రర్ లోనే రాసి ఉంటుంది, మెనూలో అంకె మార్చి మళ్లీ మేక్ కొడితే చాలు.

మన మార్పులు బిల్డ్‌రూట్ సోర్స్ లోపల చెయ్యకూడదు. ఎక్స్‌టర్నల్ ట్రీ అని బయట ఒక ఫోల్డర్ పెట్టుకోవచ్చు. మన డెఫ్‌కాన్ఫిగ్, మన ప్యాకేజీలు, ఓవర్లే ఫైళ్లు అన్నీ అందులోనే. నా చెరువు ప్రాజెక్టు మొత్తం అలాంటి ఒక చిన్న గిట్ ఫోల్డర్. దానితోపాటు వాడిన బిల్డ్‌రూట్ వెర్షన్ నంబరు, డౌన్‌లోడ్ అయిన సోర్స్ ఫైళ్ల ఫోల్డర్ దాచుకుంటే మూడేళ్ల తర్వాత కూడా ఇదే ఇమేజ్ వస్తుంది. బాబాయ్ చెరువు డబ్బాలో ఇప్పుడున్నది ఇదే. రూట్ మొత్తం స్క్వాష్‌ఎఫ్ఎస్, అంటే రాయడానికి వీల్లేనిది. లాగులకి వేరే పార్టిషన్. అది చెడినా డబ్బా లేస్తుంది, దాన్ని మళ్లీ ఫార్మాట్ చేసుకుని పనిలోకి దిగుతుంది.

లోటు ఒకటుంది. డబ్బా మీద ప్యాకేజీ మేనేజర్ ఉండదు. ఒక్క లైబ్రరీ మార్చాలన్నా కొత్త ఇమేజ్ మొత్తం పంపాలి. నాకు అదే మంచిదనిపించింది. అప్‌డేట్లు చేసిపెట్టే రౌక్, ఎస్‌డబ్ల్యుఅప్‌డేట్ రెండూ బిల్డ్‌రూట్‌లో ఉన్నాయి. కార్డు మీద రెండు రూట్ పార్టిషన్లు పెట్టి, నడుస్తున్నది కాకుండా రెండోదానిలో కొత్తది రాసి, అది లేవకపోతే పాతదానికి తిరిగి వచ్చేలా చేసుకోవచ్చు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయే ఊళ్లకి ఇది తప్పనిసరి.

యోక్టో

లినక్స్ ఫౌండేషన్ 2010లో ప్రకటించింది. దీని ఇంజన్ బిట్‌బేక్, జెంటూ లినక్స్ వాళ్ల ప్యాకేజీ సిస్టమ్ పోర్టేజ్ నుంచి పుట్టింది. ఇక్కడ మెనూ కన్నా లేయర్లు ముఖ్యం. బోర్డు తయారుచేసినవాళ్లది ఒక లేయర్, అదనపు ప్యాకేజీలది ఇంకొకటి, మనది పైన ఒకటి. ప్రతి ప్యాకేజీకి ఒక రెసిపీ, అంటే దాన్ని ఎలా కట్టాలో చెప్పే ఫైలు. కింది లేయర్‌ని తాకకుండా పై లేయర్ నుంచే దాన్ని సవరించవచ్చు. కట్టిన ప్రతి ముక్కనీ ఎస్‌స్టేట్ అన్న చోట దాచుకుంటుంది, ఏది మారిందో తనే కనిపెట్టి అంతవరకే మళ్లీ కడుతుంది. బిల్డ్‌రూట్‌లో చేత్తో క్లీన్ చేసుకునే బాధ ఇక్కడ లేదు.

దానికి తగ్గ ఖర్చూ ఉంది. 5.0 వెర్షన్ పత్రాలు కనీసం 90 జీబీ ఖాళీ డిస్క్ అడుగుతాయి, కొత్త వెర్షన్లు ఇంకా ఎక్కువ అడుగుతాయి. నా ల్యాప్‌టాప్‌లో పొద్దున పెట్టిన మొదటి బిల్డ్ మధ్యాహ్నం దాటాక గానీ తెమలలేదు. ఒక వేరియబుల్‌కి విలువ ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం నేర్చుకోవడానికే నాకు నెలన్నర పట్టింది. లాంగ్ టర్మ్ వెర్షన్లకి నాలుగేళ్ల సపోర్టు ఇస్తారు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 4.0 కిర్క్‌స్టోన్, 2024 ఏప్రిల్‌లో వచ్చిన 5.0 స్కార్త్‌గాప్ అలాంటివి. కొత్త పని మొదలుపెడితే స్కార్త్‌గాప్ లేదా దాని తర్వాత వచ్చిన లాంగ్ టర్మ్ వెర్షన్ తీసుకోండి. లేయర్లన్నీ ఒకే వెర్షన్ పేరున్న బ్రాంచి మీద ఉండాలి. ఒకటి కిర్క్‌స్టోన్, ఇంకొకటి స్కార్త్‌గాప్ కలిపితే మొదటి నిమిషంలోనే మొరాయిస్తుంది, మొరాయించడమే మంచిది.

యోక్టో ఎప్పుడు? మూడు నాలుగు రకాల బోర్డుల మీద ఒకే సాఫ్ట్‌వేర్ నడపాలి, బోర్డు అమ్మేవాళ్లు యోక్టో లేయర్ మాత్రమే ఇస్తున్నారు, పనిచేసేవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు, లేదా కొనే కంపెనీ లోపలున్న ప్రతి సాఫ్ట్‌వేర్ జాబితా అడుగుతోంది. వీటిలో రెండు మీకు వర్తిస్తే ఆ నెలన్నర కష్టం తిరిగి వస్తుంది. ఉద్యోగం కోసం నేర్చుకునే పిల్లలకి కూడా యోక్టోనే చెబుతాను, హైదరాబాద్, బెంగళూరు ఎంబెడెడ్ ఇంటర్వ్యూల్లో అడిగేది ఎక్కువగా అదే. కానీ ఇద్దరే ఉన్న చెరువు కంట్రోలర్ షాపుకి ఇది బరువు.

ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ

లింక్‌సిస్ డబ్ల్యుఆర్‌టీ54జీ రౌటర్ సోర్స్ బయటికొచ్చాక 2004లో మొదలైంది. దీని బిల్డ్ పద్ధతి బిల్డ్‌రూట్ నుంచే వచ్చింది, మెనూ చూడగానే పోలిక తెలిసిపోతుంది. స్క్వాష్‌ఎఫ్ఎస్ రూట్, పైన రాసుకునే ఓవర్లే అన్నది ఇందులో చాలాకాలంగా ఉన్న పద్ధతి. కరెంటు కోతలకి పుట్టినట్టే ఉంటుంది. సెట్టింగులు చెడితే ఫెయిల్‌సేఫ్ లోకి పోయి మళ్లీ కొత్తగా మొదలుపెట్టవచ్చు. బ్రౌజర్‌లో సెట్టింగుల పేజీ సిద్ధంగా ఉంటుంది.

పది చెరువుల ఈఎస్‌పీ32 డబ్బాలకి వైఫై ఇచ్చి, వాటి డేటాని 4జీ మీద పంపే గేట్‌వే మాత్రమే కావాలంటే ఇదే నా మొదటి ఎంపిక. 8 ఎంబీ ఫ్లాష్, 64 ఎంబీ ర్యామ్ ఉన్న పాత రౌటర్లు తీసుకోకండి, ఆ ప్రాజెక్టువాళ్లే వద్దంటున్నారు. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోండి. సొంతంగా కెర్నల్ కంపైల్ చేస్తే, వాళ్ల సర్వర్‌లో ఉన్న కెర్నల్ మాడ్యూళ్లు (డ్రైవర్లు) మీ డబ్బాలో ఇన్‌స్టాల్ కావు, కెర్నల్ గుర్తు సరిపోలదు. ఆర్‌ఎస్485 కన్వర్టర్‌కి కావలసిన సీహెచ్341 మాడ్యూల్ మర్చిపోయి గట్టు మీదికి వెళ్తే, తిరిగి ఇంటికొచ్చి మళ్లీ కట్టాల్సిందే. కెర్నల్ మార్చే అవసరం లేకపోతే కంపైల్ జోలికే పోవద్దు. ఇమేజ్ బిల్డర్ అని వేరుగా ఇస్తారు, కావలసిన ప్యాకేజీల పేర్లిస్తే నిమిషాల్లో ఇమేజ్ కుట్టి ఇస్తుంది.

మన ఊళ్లలో కంపైల్

సోర్సులన్నీ మొదటిసారి నెట్ నుంచే రావాలి. లంక గ్రామాల్లో మొబైల్ నెట్ మీద అది నరకం. బిల్డ్‌రూట్‌లో మేక్ సోర్స్ అంటే కంపైల్ చెయ్యకుండా డౌన్‌లోడ్ మాత్రం చేసి పెడుతుంది. బిట్‌బేక్‌కీ ఫెచ్ వరకే ఆపే ఆప్షన్ ఉంది. ల్యాప్‌టాప్ పట్టుకుని భీమవరంలో ఫైబర్ ఉన్న స్నేహితుడింటికి వెళ్లి ఒక రాత్రి పెట్టేస్తే, ఆపైన ఇంటి దగ్గర నెట్ లేకుండానే కట్టుకోవచ్చు. డెస్క్‌టాప్ మీద కడుతుండగా కరెంటు పోతే కంగారు వద్దు. రెండూ పూర్తయిన మెట్లని గుర్తుపెట్టుకుని అక్కడి నుంచి సాగుతాయి. ఏదైనా ప్యాకేజీ సగంలో చెడి అర్థంకాని ఎర్రర్ ఇస్తే బిల్డ్‌రూట్‌లో ఆ ఒక్కదానికి డిర్‌క్లీన్ చెయ్యండి. ఫోల్డర్ దారిలో ఖాళీ ఉన్న పేరు పెట్టకండి, రూట్ యూజర్‌గా కంపైల్ చెయ్యకండి.

ఏది ఎంచుకున్నా కెర్నల్ మెనూలో రెండు చోట్ల ఆగండి. రాస్ప్‌బెర్రీ పై 4 వరకు గడియారం చిప్ లేదు. కరెంటు వచ్చి నెట్ రాకపోతే టైమ్ తప్పుతుంది, టైమ్ తప్పితే సర్వర్ సర్టిఫికెట్ చెల్లదని కనెక్షన్ ఆగిపోతుంది. డీఎస్3231 గడియారం మాడ్యూల్ పెట్టి, దానికి కావలసిన డీఎస్1307 డ్రైవర్‌ని కెర్నల్‌లోకే చేర్చండి. పేరు వేరుగా ఉందని దాటెయ్యకండి, డ్రైవర్ అదే. రెండోది వాచ్‌డాగ్. బిజీబాక్స్ (చిన్న లినక్స్ కమాండ్ల మూట) లోనే దానికి చిన్న ప్రోగ్రామ్ ఉంది. సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోతే బోర్డు తనే రీబూట్ అవుతుంది. రాస్ప్‌బెర్రీ పైలో దీని గడువు దాదాపు 15 సెకన్లే, అంతకన్నా ఎక్కువ పెట్టకండి.

నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి కార్డు స్లాట్ కాంటాక్టులే పచ్చబడతాయి. అక్కడికి పంపే డబ్బాలకి బోర్డు మీదే టంకం వేసిన ఈఎంఎంసీ మెమరీ ఉన్నది కొనండి. బీగిల్‌బోన్ బ్లాక్ రెవిజన్ సీలో 4 జీబీ ఉంటుంది, బిల్డ్‌రూట్ ఇమేజ్‌కి అది చాలా ఎక్కువ.

డబ్బా అమ్ముతున్నారంటే జీపీఎల్ లైసెన్సు కింద ఉన్న సాఫ్ట్‌వేర్ సోర్స్ అడిగినవాళ్లకి ఇవ్వాల్సిన బాధ్యత కూడా మీదే. బిల్డ్‌రూట్‌లో మేక్ లీగల్-ఇన్ఫో అంటే లైసెన్సులు, సోర్సులు ఒక ఫోల్డర్‌లో పోగుచేసి పెడుతుంది. యోక్టోలోనూ ఆ ఏర్పాటు ఉంది. చేతి డెబియన్ కార్డుతో అయితే ఆ జాబితా మీరే రాసుకోవాలి.

ఇప్పటికే డెబియన్ మీద నడుస్తున్న డబ్బాలున్నవాళ్లు అన్నీ ఒకేసారి మార్చొద్దు. పట్టుబడి అయిపోయి చెరువు ఎండగట్టిన సమయంలో ఒక్కదాన్ని బిల్డ్‌రూట్‌కి మార్చండి. ముందు ఇంట్లో బల్ల మీద పెట్టి, లాగులు రాస్తుండగా ప్లగ్ పీకి పెట్టండి, యాభై సార్లు. అప్‌డేట్ రాస్తుండగా కూడా పీకండి. నా మొదటి ఇమేజ్ పదిహేడోసారికి లేవలేదు, డేటా పార్టిషన్ చెడితే ఏం చెయ్యాలో స్టార్టప్ స్క్రిప్టులో రాయలేదు. అది సరిదిద్ది మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టాను. యాభై పూర్తయ్యాకే డబ్బాని ఆకివీడు తీసుకెళ్లి బాబాయ్ చేతికిచ్చాను.